మావగారి పేరు

అష్టోత్తరంలో ఆ నామం రాగానే ప్రసూన పెదవులు బిగించింది. మారేడు దళం మాత్రం శివలింగం మీద పెట్టింది. పక్కన కూర్చున్న అత్తగారు మంగాయమ్మా అంతే, నోరు మెదపకుండా ఒక దళం పెట్టింది. తర్వాతి నామం నుంచి ఇద్దరి గొంతులూ మళ్ళీ కలిశాయి. పద్నాలుగేళ్ళుగా, హిందీవాళ్ళ ఊళ్ళోని ఆ రైల్వే క్వార్టరులో కార్తీక సోమవారం పూజ ఇలాగే జరుగుతోంది. నూట ఏడు నామాలు పైకి, ఒకటి లోపలికి. మావగారి పేరు శంకరరావు. భార్య ఆ పేరు పలకకూడదు, కోడలు పలకకూడదు. అది దేవుడి పేరైనా సరే.

వెనకటికి రేషన్ ఆఫీసులో గుమాస్తా "ఇంటాయన పేరేమిటి" అని అడిగితే, మంగాయమ్మ నోటితో చెప్పలేక గోడ మీది క్యాలెండరులో శివుణ్ణి చూపించిందట. గుమాస్తా చక్కగా "భోలానాథ్" అని రాసుకున్నాడు. ఆ తప్పు దిద్దించుకోవడానికి మావగారు మూడు రోజులు సెలవు పెట్టి తిరిగారు. ఇప్పటికీ ఇంటికి చుట్టాలొస్తే ఆ కథ చెప్పి నవ్విస్తారు. మంగాయమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. "దేవుడికి తెలీదేటి, మనం ఎవర్ని తలుచుకున్నామో" అంటుంది. తెలుస్తుందనే ప్రసూన నమ్మకం కూడా. అయినా ఆ ఒక్క దళం పెట్టినప్పుడల్లా ఆమెకు చిన్న సందేహం కలుగుతూనే ఉంటుంది. పలికితే దేవుడికి ప్రీతి అయిన పేరు, పలికితే మనిషికి అవమానం ఎలా అవుతుంది?

పూజ అయింది. ఉపవాసం తనకి, వంట నలుగురికి. అత్తమావలకు పెట్టి, భర్త రమణబాబుకు లోకోషెడ్డు డ్యూటీకి టిఫిన్ క్యారియర్ సర్ది, కూతురు తేజస్విని బడికి పంపి, తను వరండాలోకి వచ్చింది. మేకుకి తన కోర్టు నల్లకోటు వేలాడుతోంది. ముత్తయిదువ నల్లబట్ట వేసుకుని గుమ్మం లోపల తిరగడం మంచిది కాదని మంగాయమ్మ పెట్టిన నియమం. వానొస్తే తడుస్తుంది. చలికాలం పొద్దున్నే వేసుకుంటే మంచులో ఆరేసిన బట్టలా ఒంటికి అతుక్కుంటుంది. మావగారు ముప్ఫై ఒక్క ఏళ్ళు టికెట్ కలెక్టరుగా వేసుకున్న నల్లకోటు మాత్రం ముందుగదిలో, వెంకటేశ్వరస్వామి పటం పక్కనే, హ్యాంగరుకి ఉంటుంది. ఏటా దసరాకి దానికి ఎండ చూపించి, బొట్టు పెట్టి మళ్ళీ తగిలిస్తారు. ఒకసారి ప్రసూన ఉండబట్టలేక, "అదీ నల్లకోటే కదా అత్తయ్యా" అంది.

"అది డ్యూటీ కోటు కదమ్మా."

"మరి నాదేటి?"

మంగాయమ్మ కాసేపు ఆలోచించి, "నీదీ కోటేలే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ కోటు తనకు రావడానికి కారణం మావగారే. అది ప్రసూన ఏనాడూ మరిచిపోలేదు. తేజస్వి పుట్టిన ఏడాదికి లా కాలేజీ ఫారం తెచ్చి తనే నింపారు. సాయంత్రం క్లాసులకి వెళితే చంటిపిల్లని ఎత్తుకు తిప్పారు. "మా కోడలు వకీలు" అని స్టేషనులో పాత స్నేహితులందరికీ చెప్పుకున్నారు. అయితే వకీలు అంటే ఆయన ఉద్దేశం, నీడపట్టున కూర్చుని కాగితాలు రాసేది అని.

ఆరేళ్ళుగా కోర్టులో ప్రసూన చేసేది కూడా అదే. తార్‌బహార్ పేటలో ఆఫీసున్న దూబే వకీలు దగ్గర జూనియరు. తెలుగు కుటుంబాల కేసులన్నీ ఆమెను చూసే ఆయన దగ్గరికి వస్తాయి. ఆమె రాస్తుంది, ఆయన మాట్లాడతాడు. "రాయడం నీ పని బేటీ, మాట్లాడడం నాకు వదిలెయ్యి" అంటాడు ఆప్యాయంగానే. ఆయన రాని రోజున ఆమే నిలబడి మాట్లాడినా, కోర్టులో ఏ రోజు ఏం జరిగిందో రాసే రీడరు వకీలు పేరు దగ్గర దూబే పేరే రాస్తాడు. అడిగితే "రెండూ ఒకటే కదా" అంటాడు. వకీళ్ళ గదిలో ఆమెకు కుర్చీ లేదు, బయట టైపిస్టుల రేకుల షెడ్డులో ఒక బల్ల చివర చోటుంది. ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు కాబట్టి పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం దాకా నీళ్ళు ముట్టదు. ఆ లెక్కన ఉపవాసం రోజే ఆమెకు సుఖం.

కొత్తలో ఒక బంట్రోతు, ఒంటి మీద కోటు ఉండగానే, "బాయీ, పార్టీలు బయట కూర్చోవాలి" అని చేత్తో అదిలించాడు. కోటు నలుపు కంటే ముందు మొహం నలుపు అతనికి కనబడింది. తోటి వకీళ్ళకి ఆమె పేరు "మద్రాసన్". "హిందీ ఎంత బాగా మాట్లాడతారండీ, మద్రాసు నుంచి ఎప్పుడొచ్చారు?" అని ఏడాదికొకరైనా అడుగుతారు. ఆమె పుట్టింది ఈ ఊరి రైల్వే ఆసుపత్రిలో. చదివింది హిందీ బడిలో. మద్రాసు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు.

ఆ సోమవారం చిన్నతల్లి కేసు ఉంది. చిన్నతల్లికి పాతికేళ్ళుంటాయి. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి, లోకోషెడ్డులో ఖలాసీగా చేసే నూకరాజుని చేసుకుని వచ్చింది. అతను ఇంకొకామెను తెచ్చుకుని ఈమెను పంపించేశాడు. నలుగురిళ్ళలో అంట్లు తోముకుంటూ మనోవర్తి కోసం కేసు వేసింది. నూకరాజు వకీలు వాదన ఒక్కటే, ఆమె తన ఇష్టప్రకారం ఇల్లు విడిచి వెళ్ళిపోయిందని. అది నిజమైతే చట్టప్రకారం ఆమెకు ఏమీ రాదు. కేసంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. చిన్నతల్లికి హిందీ రాదు. మేజిస్ట్రేటుకి తెలుగు రాదు. కోర్టులో తెలుగు సాక్షి బోనెక్కినప్పుడల్లా దుభాషిగా ఒకాయనను పిలవడం ఏళ్ళ తరబడి అలవాటు. తెల్లపంచె, కళ్ళజోడు, నాలుగు భాషలు వచ్చిన పెద్దమనిషి. ప్రసూన మావగారు.

ఆ రోజు దూబే వేరే కోర్టులో ఉన్నాడు. ప్రసూన లేచి, భర్త ఇంటి నుంచి ఎందుకు వచ్చావని అడిగించింది.

"నాను రానేదు బాబూ," అంది చిన్నతల్లి, బోను కర్ర పట్టుకుని. "ఆడే నన్ను జుట్టట్టుకుని బైటికి గెంటీసి తలుపేసీసినాడు. కడుపుతో ఉన్నానని కూడా సూడకుండా తన్నినాడు. తెల్లార్లూ అరుగు మీదే కూకున్నాను. పొద్దున్నకి కడుపు పోయింది."

మావగారు ఒక్క క్షణం ఆగారు. కళ్ళజోడు సర్దుకున్నారు. తర్వాత శుభ్రమైన హిందీలో, నెమ్మదిగా చెప్పారు. "భార్యాభర్తల మధ్య కొంత మనస్పర్ధ వచ్చింది హుజూర్. ఆమె ఇల్లు విడిచి వచ్చేసింది. ఆరోగ్యం కూడా బాగాలేదు."

మేజిస్ట్రేటు రాసుకుంటున్నాడు. రాసుకుంటున్న ఆ కలం వంకే చూస్తూ ప్రసూన తను సరిగా విన్నానా అనుకుంది. విన్నది సరిగానే. బోనులో చిన్నతల్లి, తన మాటలు హిందీలోకి వెళ్ళి భద్రంగా కూర్చున్నాయన్న నమ్మకంతో, మావగారికి దణ్ణం పెడుతోంది. ఆ దణ్ణం చూశాక ప్రసూన ముందుకు జరిగింది.

"హుజూర్, సాక్షి చెప్పింది అది కాదు. గెంటేశాడని చెప్పింది, తన్నాడని చెప్పింది, గర్భం పోయిందని చెప్పింది."

మేజిస్ట్రేటు తలెత్తాడు. "మీకెలా తెలుసు?"

"నాకు తెలుగు వచ్చు హుజూర్."

"మీరు ఆమె పక్షం. ఆమె భాషవాళ్ళు, పైగా ఆడవాళ్ళు. మీరు ఆమె వైపే చెబుతారు. ఈయన పెద్దమనిషి, రైల్వేలో ముప్ఫై ఏళ్ళ సర్వీసు."

"ఆయనా ఆమె భాషవారే హుజూర్" అంది ప్రసూన.

నూకరాజు వకీలు నవ్వుతూ లేచాడు. "హుజూర్, ఈయన వకీలు గారికి స్వయానా మావగారు. ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైందేమో, మద్రాసీ పంచాయితీ కోర్టుకొచ్చింది." గదంతా నవ్వింది. బంట్రోతు కూడా నవ్వాడు. మావగారు నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. మేజిస్ట్రేటు నవ్వు ఆపుకుని, అభ్యంతరముంటే గురువారం రాతపూర్వకంగా పెట్టమని వాయిదా వేశాడు.

బయటికొచ్చాక చిన్నతల్లి అడిగింది. "నాను సెప్పిందే సెప్పినారా అమ్మా ఆ బాబు?"

అబద్ధం చెప్పడానికి ప్రసూనకు నోరు రాలేదు. "లేదు చిన్నతల్లీ. నువ్వే వచ్చేశావని చెప్పారు."

చిన్నతల్లి కొంగు భుజాల చుట్టూ లాక్కుంది. "మీ మావగారట కదమ్మా. పెద్దోరు. పోనీండి, మీ ఇంట్లో నా గురించి గొడవెందుకు" అంది. కేసు ఓడిపోతే తినడానికి లేని మనిషి, వకీలు సంసారం గురించి ఆలోచిస్తోంది. దారి పొడుగునా ప్రసూన చెవుల్లో ఆ మాటే మోగింది. కోర్టులో నవ్విన నవ్వులు ఆ మాట ముందు చిన్నవైపోయాయి.

సంజదీపం పెట్టి, కార్తీకదీపం గుమ్మంలో ఉంచాక, ముందుగదిలో పడకకుర్చీలో కూర్చున్న మావగారి దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆయనే మొదలుపెట్టారు.

"కోపం వచ్చిందేటమ్మా?"

"ఎందుకలా చెప్పారు మావయ్యగారూ?"

ఆయన హ్యాంగరుకి ఉన్న తన పాత కోటు వంక చూశారు. "నేను ఈ ఊరొచ్చిన కొత్తలో బళ్ళో టికెట్టడిగితే, 'కాలా మద్రాసీ, నువ్వా నన్నడిగేది' అని చెంప మీద కొట్టినాడొకడు. ఇంట్లో కూడా చెప్పలేదు ఇన్నేళ్ళూ. ఇక్కడ మనకి విడివిడి పేర్లు లేవమ్మా. ఒకడు పెళ్ళాన్ని తంతే మద్రాసీలంతా తన్నినట్టే. ఆ హాలు నిండా ఆళ్ళు కూర్చుని ఉంటే, మన పిల్ల కడుపు సంగతి, మనోడి కాళ్ళ సంగతి నా నోటితో ఎలా చెప్పమంటావు? రేపు కులపెద్దల్ని కూర్చోబెట్టి నూకరాజుకి నాలుగు చీవాట్లు పెడతాం. పరువు బైటికి పోకుండా సర్దేద్దాం."

ప్రసూనకు ఆయన మీద జాలి కలిగింది. ఆ చెంపదెబ్బ తన చెంప మీదే పడినట్టనిపించింది. ఎందుకంటే అలాంటివి తనూ తింటూనే ఉంది, చేతితో కాకపోయినా. కానీ ఆ జాలి వెనకే ఇంకో ప్రశ్న వచ్చి నిలబడింది. పరువు అందరిదీ అయితే, దాన్ని కాపాడడానికి ఒక్క చిన్నతల్లే ఎందుకు నోరు మూసుకోవాలి?

"ఆ పిల్ల మన మనిషి కాదా మావయ్యగారూ?" అంది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. ఇక మాట్లాడనని దానర్థం.

రమణబాబుకి షెడ్డులోనే సంగతి తెలిసిపోయింది. చేతుల గ్రీజు సబ్బుతో రుద్దుకుంటూ, పెరట్లోంచే అందుకున్నాడు. "నాన్న మీద కాగితం పెడతావటేటి? నువ్వు చదివిన చదువు ఆయన పెట్టిన భిక్ష, అది గుర్తుందా? రేపు షెడ్డులో నా మొహం ఎక్కడెట్టుకోను? ఆ కేసేదో దూబేకి ఇచ్చీసి, నాలుగు రోజులు ఇంటిపట్టునుండు."

"దూబే గారికి తెలుగు రాదండీ."

"అయితే?"

"ఆ పిల్ల ఏం చెప్పిందో ఆ గదిలో, నూకరాజు కాక, తెలిసింది ముగ్గురికే. ఆ పిల్లకి, మావయ్యగారికి, నాకు."

"నీకు తెలిసినా నలుగురిలో ఊరుకోడం తెలియాలి" అని అతను తువ్వాలు విదిలించి లోపలికి పోయాడు.

మర్నాడు దూబే ఆమె రాసిన దరఖాస్తు చదివి, మడిచి తిరిగి ఇచ్చేశాడు. "ఇది మీ మద్రాసీ ఇళ్ళ గొడవ బేటీ. నేను ఇందులో తలదూర్చను. నా పేరు తీసెయ్యి." ప్రసూన కొత్త వకాల్తా కాగితం కొంది. ఆరేళ్ళలో మొదటిసారి వకీలు పేరున్న చోట ఒక్క పేరే రాసి, చిన్నతల్లి చేత వేలిముద్ర వేయించింది. అక్కణ్ణుంచి రైల్వే ఆసుపత్రికి వెళ్ళి, స్టాఫ్ నర్సు అనంతలక్ష్మిని కలిసింది. తెలుగూ హిందీ రెండూ బాగా వచ్చిన మనిషి, ఎవరికీ చుట్టం కాదు. "రోగం ఎలా చెబితే అలా డాక్టరుకి చెప్పడమే కదండీ నా పని. అక్కడా అంతే కదా, వస్తాను" అంది ఆవిడ.

బుధవారం మధ్యాహ్నం వంటింట్లో మంగాయమ్మ బియ్యం చెరుగుతూ, తలెత్తకుండా అడిగింది.

"ఆ గుంట అసలేటి చెప్పిందే?"

ప్రసూన ఒక్క మాట వదలకుండా, చిన్నతల్లి చెప్పినట్టే చెప్పింది. అరుగు దగ్గరికి వచ్చేసరికి మంగాయమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

"తెల్లార్లూ అరుగు మీదేనా?"

"అవునత్తయ్యా."

మంగాయమ్మ చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. "రాతి అరుగు. తెల్లారగట్ల మరీ చల్లగా ఉంటాది" అంది. మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. మీకెలా తెలుసని ప్రసూన అడగలేదు. అడగకుండానే ఆ వంటింట్లో ఏదో చోటు మారినట్టయింది.

గురువారం పొద్దున్న ప్రసూన వరండాలో మేకు నుంచి కోటు తీసుకుని, చేతి మీద వేసుకుని గుమ్మం లోపలికి నడిచింది. దేవుడి మందసం ముందు నిలబడి తొడుక్కుంది. బొత్తాలు పెట్టుకుంది. తప్పు చేస్తుంటే నన్ను ఇక్కడే ఆపు తండ్రీ అని దణ్ణం పెట్టుకుంది. దేవుడు ఆపలేదు. వెనక్కి తిరిగితే మంగాయమ్మ నిలబడి చూస్తోంది. మైల అంటుందేమో అనుకుంది ప్రసూన. మంగాయమ్మ కోటు కింద నుంచి పైదాకా చూసి, "బొట్టు చెదిరింది, దిద్దుకుని ఎళ్ళు" అంది.

కోర్టు ఆ రోజు నిండిపోయింది. షెడ్డు మనుషులు, గుడి కమిటీ గోవిందరావు గారు, నూకరాజు వైపు చుట్టాలు, వినోదం చూడ్డానికి వచ్చిన వకీళ్ళు. మావగారు మామూలుగానే వచ్చి, బోను పక్కన తన చోటులో నిలబడ్డారు. అనంతలక్ష్మి తెల్ల యూనిఫారంలో వెనక బెంచీ మీద కూర్చుంది. చిన్నతల్లి గోడకు ఆనుకుని, పిలుపు కోసం చూస్తోంది.

మేజిస్ట్రేటు దరఖాస్తు చదివాడు. సాక్షిని మళ్ళీ విచారించాలనీ, వేరే దుభాషిని పెట్టాలనీ అందులో ఉంది.

"మీరు చెప్పే దుభాషి ఆడమనిషి. సాక్షి ఆడమనిషి. వకీలు ఆడమనిషి. ఇదేం కోర్టు, భజన మండలా?" అన్నాడు.

నవ్వులు వినిపించాయి. ప్రసూన అవి అయ్యేదాకా ఆగింది. "ఇన్నేళ్ళూ సాక్షి మగవాడు, వకీలు మగవాడు, దుభాషి మగవాడు అయిన కేసులు ఈ గదిలో రోజూ నడిచాయి హుజూర్. ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. ఈవిడ తప్పు చెబితే, తెలుగు వచ్చినవాళ్ళు ఈ గదిలో పాతికమంది ఉన్నారు. లేచి అనమనండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నూకరాజు వకీలు లేవబోయి, వెనక బెంచీల వైపు చూసి కూర్చున్నాడు. మేజిస్ట్రేటు కలం బల్ల మీద రెండుసార్లు తట్టాడు. "సరే. సాక్షిని మళ్ళీ విచారిద్దాం. ముందు ఇది రికార్డులోకి వెళ్ళాలి. మీ అభ్యంతరం ఏ దుభాషి మీద? పేరు చెప్పండి."

"కాగితంలో రాశాను హుజూర్."

"రాసినదే నోటితో చెప్పండి. బహిరంగ కోర్టు ఇది."

ప్రసూన మావగారి వంక చూసింది. ఆయనా ఆమె వంకే చూస్తున్నారు. ఆయన మొహంలో కోపం లేదు. ఒక నిశ్చింత ఉంది. కోడలు ఎంత దూరం వచ్చినా ఆ పేరు దగ్గర ఆగిపోతుందన్న నిశ్చింత. పద్నాలుగేళ్ళుగా దేవుడి ముందే ఆగిన నోరు అది. చంటి తేజస్విని భుజాన వేసుకుని ఈయన వరండాలో పచార్లు చేసిన సాయంత్రాలు ఆమెకు గుర్తొచ్చాయి. గోడ దగ్గర చిన్నతల్లి, ఏం జరుగుతోందో తెలియక, ఎందుకైనా మంచిదని చేతులు జోడించింది. ఈసారి ఆ దణ్ణం ప్రసూనకి.

ప్రసూన ఊపిరి పీల్చుకుంది.

"పొట్నూరు శంకరరావు" అంది. గది చివరిదాకా వినిపించింది.

వెనక బెంచీల్లో ఎవరో "అమ్మో" అన్నారు. మావగారి చేయి బోను కర్రని పట్టుకుంది. కాసేపటికి వదిలింది. ఆయన ఎవరి వంకా చూడకుండా నడిచి, బోను దగ్గరికి రావడానికి అనంతలక్ష్మి లేచిన బెంచీ మీదే ఆ ఖాళీలో కూర్చున్నారు. ఆయన అక్కడి నుంచి వెళ్ళిపోలేదని ప్రసూన గమనించింది.

రీడరు తలవంచుకుని చరచరా రాసుకుపోతున్నాడు. వకీలు పేరు దగ్గరికి వచ్చి, అలవాటు ప్రకారం "దూబే" అని పైకి అనుకుంటూ కలం పెట్టాడు.

"ఆగండి. వకాల్తా చూసి రాయండి" అంది ప్రసూన. "పొట్నూరు ప్రసూన."

రీడరు వకాల్తా అటూ ఇటూ తిప్పి చూశాడు. "పైన ఎవరి పేరూ లేదా?"

"లేదు. అదొక్కటే రాయండి."